అదురు ఎక్కడిది

ఆవిడ పోయిన రోజు ఆ ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నాకు ఏడుపు కంటే ముందు ఆ మెల్లదనమే వింతగా తోచింది. ఆ గడప లోపల ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. ఇంటి ముందుగదే పిండిమిల్లు. ముప్పై ఏళ్లకు పైగా ఆ మిల్లు పక్కన నిలబడి బతికిన మనిషి కాబట్టి ఆవిడకు ఒకటే గొంతు ఉండేది, పైగొంతు. మిల్లు ఆగినా అది దిగేది కాదు. ఎవరింట్లోనో పెళ్లి మాటలు చెడిపోయాయని ఆవిడ వచ్చి నా భార్య చెవి దగ్గరికి వంగి చెబితే, ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా అయ్యో అనేవాళ్లు.

మా ఊరు చిత్తూరు నుంచి పుత్తూరుకు పోయే దారిలో, పుత్తూరుకు మూడు మైళ్లు ఇవతల ఉంది. నేను పుత్తూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఊళ్లో నన్ను అయివారు అంటారు. మా పెరటి గోడకు అవతలి వైపు ఆవిడ మిల్లు. ఊళ్లో చిన్నాపెద్దా అందరూ ఆవిడను అక్కా అనే పిలిచేవాళ్లు. అరవై దాటినా కనుబొమల మీద తెల్లదనం వయసుదో, పిండిదో చెప్పడం కష్టం. సోమవారం చూస్తే రాగిపిండి పడి ఎర్రగా ఉండేవి, శుక్రవారం బియ్యప్పిండి పడి నెరిసేవి.

ఆవిడ దేన్నీ కంటితో నమ్మేది కాదు. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూసేది. మోటారు మీద అరచెయ్యి ఆనించి, బేరింగు ఇంకెన్నాళ్లు ఆడుతుందో చెప్పేది. బిడ్డకు జ్వరమని ఎవరైనా అంటే నుదురు కాదు, వీపు తాకేది. "సెయ్యి పెట్టి సూడు" అనేది ఆవిడ నోట రోజుకు పదిసార్లు వచ్చే మాట. ఆవిడ పూజగదిలో ఉన్నప్పుడు ఎవరో వచ్చి దేవుడున్నాడా లేడా అని వాదన పెట్టుకుంటే అదే మాట అందని మా ఆవిడ చెబుతుంది. నేను వినలేదు గానీ, అని ఉంటుంది.

నాకూ ఆవిడకూ అసలు పరిచయం తగాదాతోనే మొదలైంది.

చెన్నైలో ఒక పెద్దమనిషి దగ్గర పాత టెలిస్కోపు ఒకటి కొన్నాను. పెరట్లో చిన్న గది కట్టించి, పైన పక్కకు జరిగే రేకుల కప్పు వేయించాను. గది మధ్యలో ఛాతీ ఎత్తున కాంక్రీటు స్తంభం, దాని మీద టెలిస్కోపు. భూమి తిరుగుతుంది కాబట్టి నక్షత్రాలు పడమటికి జరిగిపోతూ ఉంటాయి. టెలిస్కోపు కింద ఉన్న మోటారు దాన్ని అంతే మెల్లగా, వెంట్రుకవాసి తేడా లేకుండా వాటి వెనకాలే తిప్పాలి. కెమెరా ఐదు నిమిషాలు తెరిచి ఉంచినా నక్షత్రం చుక్కలాగే పడాలి. నాకు చుక్కలు పడలేదు. కొన్ని గీతలు పడ్డాయి, కొన్ని కవలలు పుట్టాయి. మొదటి ఫొటో చూసి మా ఆవిడ, బియ్యంలో పురుగులు ఇలాగే ఉంటాయని మెచ్చుకుంది.

నక్షత్రం కదలకుండా ఉందో లేదో కంప్యూటరు తెర మీద ఒక గీత చూపిస్తుంది. అంతా బాగుంటే అది తిన్నగా పోతుంది. నాది దడదడలాడుతూ ఉండేది. అదురును పసిగట్టే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, ఆ ఫోనును స్తంభానికి టేపుతో అంటించాను. అందులోనూ అదే దడ. కాలేజీ నుంచి వచ్చి, కాఫీ తాగి, నేను టెలిస్కోపు దగ్గర కూర్చునేది ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. పొద్దున్నే లేచి పుత్తూరు బస్సు పట్టుకోవాలి కాబట్టి అంతకు మించి కూర్చునేవాణ్ణి కాదు. సరిగ్గా ఆ రెండు గంటలూ గోడ అవతల మిల్లు గడగడలాడుతూ ఉండేది. ఇక ఆలోచించడానికి ఏముందనుకున్నాను.

ఒక సాయంత్రం వెళ్లి చెప్పాను. మిల్లు ఆపకుండానే విన్నది. మీ మిల్లు వల్ల నా నక్షత్రాలు కదిలిపోతున్నాయి అని నేను గొంతు చించుకుంటే, సంగటికి రాగులు పట్టించుకుందామని వచ్చిన ఆడవాళ్లంతా తలలెత్తి ఆకాశం వైపు చూశారు. ఆవిడ మాత్రం నా ముఖం వైపు జాలిగా చూసి, వీపు మీద చెయ్యి ఆనించింది. జ్వరం లేదని నిర్ధారించుకున్నాక మళ్లీ తన పనిలో పడింది.

నాకు రోషం వచ్చింది. పంచాయతీకి అర్జీ రాశాను. శాస్త్ర పరిశోధనకు తీవ్ర అంతరాయం కలుగుతున్నందున సదరు మిల్లును సాయంత్రం ఆరు తరువాత నడపకుండా నిలుపుదల చేయవలసిందని, లేదా ఊరి వెలుపలికి తరలించవలసిందని, మంచి తెలుగులో రాశాను. రాసి రెండుసార్లు చదువుకున్నాను కూడా. కూలిపనికి పోయినవాళ్లు ఇళ్లకు చేరి ధాన్యం పట్టించుకునేది ఆరు తరువాతే అని, ఆ రెండు గంటలు పోతే మిల్లే పోయినట్టని నాకు తట్టలేదు. ఆ మిల్లు మీద బతికేది ఆవిడా, ఆవిడ కోడలూ. అదీ తట్టలేదు. సోమవారం వచ్చి చూస్తానని పంచాయతీ కార్యదర్శి కబురు చేశాడు.

ఆయన నా అర్జీని సొరుగులో పెట్టేలోపలే సంగతి ఆవిడకు చేరింది. శుక్రవారం సాయంత్రం ఆవిడ మా పెరటి తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో పెద్ద ఇత్తడి పళ్లెం ఉంది. దెబ్బలాటకు వచ్చిందనుకుని నేను లేచి నిలబడ్డాను.

"అర్జీ పెట్టినావంట సామీ."

పెట్టానన్నాను.

"మిల్లు ఆడనప్పుడు ఎప్పుడన్నా సూసినావా, అదురు ఉండాదో లేదో?"

చూడలేదన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"పిల్లకాయలకు గూడా ఇట్నే సెప్తావా పాఠం?"

నేను ఏటా జూన్ నెలలో మొదటి పాఠంగా చెప్పేది, ఒక దాని వల్లే మరొకటి జరుగుతోందని తేల్చాలంటే ముందు మొదటిదాన్ని ఆపి చూడాలనే.

శుక్ర, శని, ఆదివారాలు మూడు సాయంత్రాలూ మిల్లు మూసేస్తానని ఆవిడ అక్కడికక్కడే చెప్పింది. అదురు ఆగితే సోమవారం కార్యదర్శి ముందు తానే ఒప్పుకుంటుంది. ఆగకపోతే అది ఎక్కడిదో కనుక్కునే దాకా నేను ఆవిడ చెప్పినట్టు వినాలి. నేను సరేననగానే గోడ మీదుగా కోడలికి ఒక కేక వేసింది. మిల్లు ఆగింది. మా వీధికి అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ నిశ్శబ్దంలో, అయివారి సుక్కల కోసం ఈ రోజు మా ఇంట్లో సంగటి లేదని గోడ అవతలి నుంచి ఎవరో అనడం కూడా స్పష్టంగా వినబడింది.

నేను కుర్చీలో కూర్చుని కంప్యూటరు తెరిచాను. గీత తిన్నగా పోతుందని ఎదురుచూశాను. అర నిమిషం పోయింది. తరువాత దడదడ మొదలైంది. మామూలు కంటే కొంచెం ఎక్కువే ఉంది. ఆవిడ నా భుజం మీదుగా తెర చూసి, పళ్లెం తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

శనివారం పళ్లెంలో నీళ్లు పోసి, పైన చిటికెడు రాగిపిండి చల్లి, స్తంభం మీద టెలిస్కోపు కాలి పక్కన పెట్టించింది. నీళ్లు ఏమాత్రం అదిరినా పిండి చెప్పేస్తుందట. మిల్లులో కొత్త మోటారు బిగించినప్పుడల్లా వాళ్లాయన అలాగే చూసేవాడట. అక్కడినుంచి విచారణ మొదలైంది. మొదటి అనుమానం మా ఆవిడ గ్రైండరు మీద పడింది. ఇడ్లీపిండి మధ్యలో ఆపేసి మా ఆవిడ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. అదురు ఆగలేదు. బావి మోటారు ఆపాము. ఆగలేదు. చిత్తూరు బస్సు పోయినప్పుడు పళ్లెం అంచున పిండి ఒకసారి ముడుచుకుని సర్దుకుంది. కొంతసేపటికి ఆవిడ నేల మీద చెయ్యి పెట్టి, పుత్తూరు వైపు గూడ్సు బండి వస్తోందంది. మాకేమీ వినబడలేదు. చాలాసేపటికి కూత వినబడింది. ఆ బండి పోయే వరకూ పిండి సన్నగా వణికింది. ఆ లెక్కన ఆవిడ పళ్లెం ముందు నా ఫోను యాప్ ఎందుకూ పనికిరాలేదు. అందులో బస్సూ బండీ అన్నీ ఒకటే దడ.

బస్సు పోయింది, బండి పోయింది. పళ్లెంలో పిండి మాత్రం గలగలా కదులుతూనే ఉంది. ఆవిడ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

"మిషను అయితే ఒకటే తీరుగా అదురుతాది సామీ. దీనికి తీరు లేదు. రోంతసేపు ఉంటాది, రోంతసేపు ఆగతాది. ఇది మిషను కాదు, ఏందో పానమున్నది."

ప్రాణమున్నది అనేసరికి మా ఆవిడ పెరట్లో పందికొక్కులున్నాయని గుర్తుచేసింది. మర్నాడు పొద్దున్న నేను గది చుట్టూ కన్నాల కోసం వెతికాను. రెండు దొరికితే రాళ్లు పెట్టి మూశాను. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన మనిషిని ఆ పని చేస్తుండగా చూసిన వాళ్లెవరూ లేరు, అంతవరకూ మేలు.

ఆదివారం సాయంత్రానికి మిల్లు ముందు మూసిన తలుపు దగ్గర నాలుగైదు రాగుల బుట్టలు చేరాయి. తెచ్చినవాళ్లంతా మా గోడ వైపు చూస్తూ నిలబడ్డారు. అదురు ఎక్కడిదో తేలకపోతే రేపు కార్యదర్శి ఏం రాస్తాడో తెలియదు. అర్జీ నాది, సంతకం నాది. నాలుగు ఊళ్లకు నేను అయివారిని. ఆయన నా మాటే రాసే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆ రోజు ఆవిడ మాటలు తగ్గాయి.

ఈసారి ఆవిడ పళ్లెం వైపు చూడలేదు. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, అరచెయ్యి గచ్చుకు ఆనించింది. చీకట్లో చెవికమ్మ శీల పడిపోతే వెతుక్కునే వాళ్లలా ఆ చెయ్యి మెల్లగా జరుపుతూ పోయింది. స్తంభం చుట్టూ తిరిగింది. గోడ దాకా పోయి వెనక్కు వచ్చింది. నేను తెర మీద గీతనే చూస్తున్నాను. అది ఎగిరి పడుతోంది, చూసిన కొద్దీ నాకు గుండె దడ పెరుగుతోంది, అది ఇంకా ఎగురుతోంది.

అప్పుడు గీత ఉన్నట్టుండి చదునైంది.

టెలిస్కోపు బిగించాక మొదటిసారి చూశాను అలాంటి గీత. గీటుబద్ద పెట్టి గీసినట్టు పోతోంది. నేను తెర మీంచి కళ్లు తిప్పకుండానే, అక్కా నువ్వేం చేశావో గానీ అదే చెయ్యి, వదలొద్దు అన్నాను.

"పట్టుకోనే ఉండాను సామీ. ఇది నీ మోకాలు."

కిందికి చూశాను. నా కుడి మోకాలిని ఆవిడ రెండు చేతులా అదిమి పట్టుకుని ఉంది. ఆ చేతుల కింద అది ఇంకా ఎగరాలని చూస్తోంది.

చదువుకునేటప్పుడు కాలు ఊపడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఊపుతున్నట్టు నాకు తెలియదు. గీత కొంచెం వంకర పోగానే నాకు కంగారు, కంగారుకు కాలు ఊగుతుంది, కాలు ఊగితే గీత ఇంకా వంకర పోతుంది. ఇన్నాళ్లూ నన్ను నేనే భయపెట్టుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వలేక కింద కూలబడింది. పెళ్లైనప్పటి నుంచి చెబుతూనే ఉన్నానంది, మంచం ఊగి తనకు నిద్ర పట్టక వేరే గదిలో పడుకున్న సంగతి కూడా ఆవిడకు చెప్పేసింది. ఆవిడ ఆ మాట విని ఆశ్చర్యపోయి, అట్నా అని తన మామూలు గొంతుతో అడిగింది. దానితో ఊరికీ తెలిసింది.

సోమవారం కార్యదర్శి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, ప్రతిదీ రాతలో ఉండాలనే మనిషి. ఆవిడ మిల్లు ఆడించి చూపించింది, ఆపి చూపించింది. తరువాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఊపమంది. పళ్లెంలో పిండి గంతులు వేసింది. ఆయన పెన్ను తీసి, అదురుకు కారణం అర్జీదారుని కాలు అని రాసుకోబోయి ఆగి, కుడికాలా ఎడమకాలా అని అడిగాడు. నేను భూమిలోకి కుంగిపోయాను.

"అదంతా రాయొద్దప్పా" అంది ఆవిడ. "మిల్లు కాదని రాయి, సాలు. ఆయన పిల్లకాయలకు పాఠం సెప్పుకోవాల."

ఆ మాట ఆవిడ ఎంత మెల్లగా అనగలదో అంత మెల్లగా అంది. వీధిలో సగం మందికే వినబడి ఉంటుంది. నేను అర్జీ వెనక్కు తీసుకున్నాను. తప్పైందని చెప్పబోతే ఆవిడ వినిపించుకోకుండా, నా గది నేల వైపు వేలు చూపించి మేస్త్రీని తిట్టడం మొదలుపెట్టింది. స్తంభాన్నీ గచ్చునూ కలిపి పోశాడట వాడు. మిల్లు దిమ్మెను నేలకు తగలనివ్వకూడదని తమ ఇంట్లో చంటిబిడ్డకు కూడా తెలుసునట. మర్నాడు ఆవిడే దగ్గర నిలబడి, స్తంభం చుట్టూ రెండు వేళ్ల వెడల్పున గచ్చు కోయించి, ఆ సందులో పొడి ఇసుక నింపించింది. ఆ తరువాత నేను కాలు ఊపినా పళ్లెంలో పిండి కదలలేదు. గూడ్సు బండికి మాత్రం ఎప్పటిలా వణికేది. దానికి మనమేం చేస్తామంది.

ఇంకొక సంగతి నాకు నెల తరువాత గానీ అర్థం కాలేదు. నా కాలి దడ పోయాక గీతలో అడుగున చాలా సన్నటి వణుకు ఒకటి మిగిలింది. మిల్లు ఆడేటప్పుడే అది కనబడేది. ఫొటో చెడేంత కాదు. నేను ఎవరికీ చెప్పలేదు, ఏ ముఖం పెట్టుకుని చెబుతాను. ఒక శుక్రవారం ఆ వణుకు కూడా మాయమైంది. గోడ మీంచి మిల్లు కిటికీలోకి తొంగిచూస్తే మోటారు కింద పాత లారీ టైరు ముక్కలు పరిచి ఉన్నాయి. అడిగితే, బెల్టు మార్చినానంది. ఆవిడ చేతికి ఆ వణుకు మొదటి రోజే తెలిసి ఉంటుంది.

ఆవిడ టెలిస్కోపులోంచి చూడడానికి ఎప్పుడూ ఒప్పుకోలేదు. కళ్లు ఆనవనేది. శనిగ్రహం చుట్టూ వలయం కనబడుతోందని ఊళ్లో పిల్లలంతా వరస కడితే, ఆవిడ వచ్చి టెలిస్కోపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. అది రోజంతా తిరిగితే ఒక్క చుట్టు తిరిగే యంత్రం. కదులుతున్నట్టు నా చేతికి ఎప్పుడూ తెలియలేదు. ఆవిడ కొంతసేపు ఊపిరి బిగబట్టి, తిరగతా ఉండాదంది. ఇంత నిదానంగా ఆడే మిషనును తన జన్మలో చూడలేదని, దీంట్లో రాగులు పోస్తే మనవళ్ల కాలానికి పిండి వస్తుందని చెప్పి వెళ్లింది.

తను పోవడానికి ముందటి మాఘమాసంలో ఆవిడ మిల్లు మెట్టు మీద జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుంది. పుత్తూరులో ఎముకల వైద్యుడి దగ్గర కట్టు కట్టించి, మళ్లీ కట్టు మార్చే దాకా అక్కడే చుట్టాలింట్లో ఉంచారు. కాలేజీ అయ్యాక చూడబోయాను. వెదురుబద్దల కట్టుతో కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని మంచం మీద ఉంది. చుట్టూ అలాగే కట్లు కట్టించుకున్న ఇద్దరు ముగ్గురు పలకరించడానికి వచ్చి కూర్చున్నారు. నన్ను చూడగానే, ఈ ఇల్లు స్టేషనుకు మరీ దగ్గరని, ప్రతి బండికీ మంచం అదురుతోందని, ఇంటివాళ్లు వింటుండగానే చెప్పింది. ఆవిడకు చూపించాలని ముందురోజే తీసిన ఫొటో ఒకటి ఫోనులో తెచ్చాను. పిల్లలకోడి అని మనవాళ్లు పిలిచే నక్షత్రాల గుంపు. తల్లీ పిల్లలూ అన్నీ విడివిడిగా, సూదిమొనతో పొడిచినట్టు పడ్డాయి. ఎడమచేత్తో ఫోను పట్టుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. ఆ తరువాత అక్కడున్న వాళ్లందరికీ తిప్పి చూపించింది.

"మా మిల్లు ఆడతా ఉండంగా తీసినాడు మా అయివారు. ఒక్క సుక్క గూడా కదల్లా."

వాళ్లంతా ఫోను వైపు కాక ఆవిడ వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆవిడ పడిన రోజు నుంచీ మిల్లు మూసే ఉంది. కోడలికి పుత్తూరుకూ ఊరికీ తిరగడంతోనే సరిపోతోంది. ఆ ఫొటో తీసినప్పుడు గోడ అవతల చీమ చిటుక్కుమనలేదు. ఆ సంగతి అక్కడ బయటపెట్టకుండా ఫోను జేబులో వేసుకుని ఊరి బస్సెక్కాను.

మర్నాడు సాయంత్రం కోడలి దగ్గరికి వెళ్లి మిల్లు ఒక గంట ఆడించమని అడిగాను. ఎవరూ ధాన్యం తేలేదు, ఏం పోయాలంది. మా ఇంట్లో ఉన్న రాగులన్నీ బుట్టకెత్తి తెచ్చి ఇచ్చాను. ఎందుకని మా ఆవిడ అడిగితే, పుత్తూరులో అక్క అందరి ముందూ అన్న మాట చెప్పాను. తను బియ్యం కూడా తెచ్చి పోసింది. మిల్లు ఆడుతున్నంత సేపూ నేను రేకుల కప్పు కింద రెండు మోకాళ్లూ చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పిల్లలకోడి మళ్లీ పడింది. ఒక్క చుక్క కదలలేదు.

ఆ ఆదివారం పుత్తూరుకు వెళ్లి ఫోను ఆవిడ చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఇది మొన్న సూపిచ్చినావు గదా సామీ."

అవునక్కా, అదే అన్నాను.